హస్తఘ్నము – గోధాంగుళిత్రాణము



వానలు కురవని ఏట విరాటపర్వం చెప్పించుకోవడం మన తెలుగు పల్లెలలో తరతరాలుగా ఉన్న ఆచారం. మొన్నటి ఆషాఢంలో ఒక గ్రామంలో ఆ పురాణం చెప్పే భాగ్యం నాకు కలిగినది. వ్యాసులవారి మూలమూ, తిక్కన సోమయాజిగారి తెలుగూ రెండూ ముందు పెట్టుకొని చెప్తున్నాను. నాలుగవనాటి రాత్రి ద్రౌపది పాకశాలలో భీమసేనుని ఎదుట దుఃఖించే ఘట్టం వచ్చినది. ఆ తల్లి ఒక్కొక్క భర్త దుస్థితినీ చెప్పుకొంటూ అర్జునుని దగ్గరకు వచ్చేసరికి ఆయన చేతులను తలచుకొంటుంది. అల్లెత్రాటి దెబ్బలకు కరడుగట్టిన ఆ బాహువులకు ఇప్పుడు శంఖవలయాలు వచ్చినవి కదా అన్నది ఆమె బాధ. విన్నవారందరూ కంటతడి పెట్టుకొన్నారు.

ఆ రాత్రి బసకు చేరిన తరువాత మా దౌహిత్రుడు నన్నొక ప్రశ్న అడిగినాడు. వాడికి పద్నాలుగేళ్ళు. సెలవులకని నా వెంట వచ్చినాడు. బడిలో వెదురువిల్లుతో విలువిద్య నేర్చుకొంటున్నాడు. దానిని ఇండియన్ రౌండ్ అంటారట.

“తాతగారూ, అర్జునుడు చేతికి గార్డు కట్టుకొనేవాడు కాదా? కట్టుకొంటే కాయలెందుకు కాచినవి?” అన్నాడు.

అని తన ఎడమ చొక్కాచేయి పైకి మడిచి చూపించినాడు. మణికట్టుకూ మోచేతికీ నడుమ, లోపలివైపున, జానెడు మేర చర్మం నీలంగా కమిలి ఉన్నది. ఆ నాటికి నాలుగు రోజుల ముందు సాధనలో అల్లెత్రాడు తగిలినదట. ఒకసారి కాదు, వరుసగా ఏడెనిమిది సార్లు తగిలినదట. మోచేతిని బయటికి త్రిప్పి పట్టుకోమని గురువు చెప్పినా తాను మరచిపోయినానన్నాడు.

ఆ కమిలిన చేయి చూసి నేను కొంతసేపు మాట్లాడలేకపోయినాను. వాడి నొప్పి ఒక కారణం. రెండవ కారణం నా తప్పు. దానిని మీకు దాచకుండా చెప్తాను.

మేము తైత్తిరీయ శాఖవారం. పాఠశాలలో నాలుగవ కాండం, ఆరవ ప్రశ్న, ఆరవ అనువాకం పన్నెండేళ్ళ వయస్సులో వల్లించినాను. ఋగ్వేదంలో ఆరవ మండలం డెబ్బదియైదవ సూక్తం కూడ ఇదే. భరద్వాజ గోత్రజుడైన పాయువు దానికి ఋషి. యుద్ధానికి బయలుదేరే రాజుయొక్క కవచం, విల్లు, అల్లెత్రాడు, వింటికొనలు, అమ్ములపొది, సారథి, పగ్గాలు, గుఱ్ఱాలు, రథం అన్నీ అందులో స్తుతింపబడుతవి. అశ్వమేధంలో దీనికి వినియోగం ఉన్నది. ఆ వరుసలోనే ‘హస్తఘ్నము’ అనే వస్తువుకొక మంత్రం ఉన్నది. శత్రుఘ్నుడంటే శత్రువులను చంపేవాడు, కృతఘ్నుడంటే చేసిన మేలును చంపేవాడు. కాబట్టి హస్తఘ్నమంటే శత్రువు చేతిని నరికే ఆయుధమేదో అని పిల్లప్పుడు అనుకొన్నాను. మా గురువుగారు స్వరం తప్పితే చెవి మెలిపెట్టేవారు గాని, అర్థం అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

నలభై ఏళ్ళు దాటిన తరువాత యాస్కులవారి నిరుక్తం చదివినాను. దైవతకాండలో, తొమ్మిదవ అధ్యాయంలో, హస్తఘ్నానికి నిర్వచనం ఉన్నది. చేతిమీద దెబ్బ తినేది కనుక దానికి ఆ పేరు అని ఆయన చెప్పినాడు. చంపేది కాదు, దెబ్బ కాచుకొనేది. సరే, చేతిమీద అన్నాడు కదా అని, అరచేతికి తొడుక్కొనే తొడుగు కాబోలని నేను నిశ్చయించుకొన్నాను. నా దగ్గర చదువుకొన్న విద్యార్థులకూ అట్లాగే చెప్పినాను.

మంత్రంలో హస్తశబ్దం ఆ వస్తువు పేరులో మాత్రమే ఉన్నది. అది చుట్టుకొనేది దేనిని అన్నచోట ఋషి వాడినది బాహుశబ్దం. పాము తన చుట్లతో చుట్టుకొన్నట్లు ఆ పట్టీ బాహువును చుట్టి, అల్లెత్రాటి దెబ్బను అడ్డుకొంటున్నదని ఆ మంత్రభావం. బాహువు అని అంత స్పష్టంగా ఉన్నా, వేల సార్లు నోట పలికినా, నా దృష్టి దానిమీద నిలువలేదు. వాడి ముంజేయి చూసిన తరువాత ఆ మాట నాకు వినిపించినది. అర్థం ఎరుగక వేదం మోసేవానిని యాస్కులవారు ఎవరితో పోల్చినారో పండితులకు తెలుసు, నేనిక్కడ చెప్పను. మరునాడు ఉదయమే ఆ విద్యార్థులకు ఉత్తరాలు వ్రాసినాను.

ఇప్పుడు మంత్రాన్ని మళ్ళీ చూడండి. విల్లు ఎడమచేత పట్టినవాడు కుడిచేత నారిని చెవిదాకా లాగుతాడు. ఈ సూక్తంలోనే, అల్లెత్రాడు వీరుని చెవిలో ఏదో చెప్పవచ్చిన ప్రియురాలివలె ఉన్నదని మరొక మంత్రంలో వర్ణన ఉన్నది. అంతదూరం లాగి విడిచిన నారి తిరిగి తన స్థానానికి వెళ్తూ, దారిలో ఉన్న ముంజేతిని కొడుతుంది. శత్రువు బాణం ఇంకా రాకముందే, తన విల్లే తనను కొట్టే దెబ్బ ఇది. దానికే ఈ పట్టీ. ఆ తోలుపట్టీని ఋషి పురుషశబ్దంతో పిలిచినాడు. నిఘంటువులో దైవతపదాల పట్టికలో ఇంద్రాదులున్న ప్రకరణంలోనే హస్తఘ్నానికీ చోటున్నది. ఆశ్వలాయన గృహ్యసూత్రం మూడవ అధ్యాయం పన్నెండవ ఖండికలో, రాజును యుద్ధానికి సన్నద్ధుణ్ణి చేసే విధి చెప్పబడినది. అక్కడ రాజు ఆ పట్టీని కట్టుకొంటుండగా పురోహితుడు చదువవలసినది ఈ మంత్రమే. అక్కడ దాని పేరు ‘తలము’.

పేర్లు ఇంకా ఉన్నవి. అమరసింహుడు క్షత్రియవర్గంలో ‘గోధ’, ‘తలము’ అన్న రెండు పదాలకూ జ్యాఘాతవారణమని అర్థం చెప్పినాడు. కాళిదాసు శాకుంతలం ఆరవ అంకంలో, మాతలి విదూషకుణ్ణి పట్టుకొన్నప్పుడు, దుష్యంతునికి విల్లు తెచ్చి యిచ్చే యవనస్త్రీ విల్లుతో పాటు ‘హస్తావాపము’ కూడ తెస్తుంది. రాజు ఎంత తొందరలో ఉన్నా ఆమె దానిని మరువలేదు.

పురాణం ముగిసి ఊరికి వచ్చిన తరువాత వాడికి చేతిపట్టీ కొనడానికి విజయవాడ వెళ్ళినాము. అక్కడ నాకు రెండవ పాఠం దొరికినది.

ముంజేతి పట్టీ కొనడం నిమిషంలో అయినది. అంగడివాడు “వ్రేళ్ళకు గ్లోవ్ కూడ కావాలి కదా” అని మరొక వస్తువు ముందుపెట్టినాడు. మూడు వ్రేళ్ళ కొనలకు మూడు తోలు తొడుగులు; వాటినుంచి అరచేతి వెనుకగా మూడు సన్నని పట్టీలు వచ్చి మణికట్టు దగ్గర ఒక బంధంలో కలుస్తవి. బొటనవేలికీ, చిటికెనవేలికీ ఏమీ లేదు. నారిని లాగేది చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు గనుక వాటికే రక్షణ. ఇది కుడిచేతికి. ముంజేతి పట్టీ ఎడమచేతికి. చేతులు రెండు, గాయాలు రెండు రకాలు, త్రాణాలు రెండు.

అవి చేతిలో పట్టుకొనేసరికి వాల్మీకి మహర్షి సమాసం నా మనస్సులో మెదిలినది. ‘గోధాంగుళిత్రాణము’. విశ్వామిత్రుని వెంట బయలుదేరిన రామలక్ష్మణులు అది కట్టుకొన్నారు. అయోధ్యాకాండలో పట్టాభిషేకం ఆగినదని తెలిసి కోపించిన లక్ష్మణుడు, నేనది కట్టుకొని విల్లు పట్టి నిలబడితే నా ముందు పౌరుషవంతుడనని ఎవడు చెప్పుకోగలడని అడుగుతాడు. భారతంలో కుమారాస్త్ర ప్రదర్శననాడు ద్రోణాచార్యుని ఆజ్ఞపై అర్జునుడు రంగంలోకి వచ్చినప్పుడూ ఇదే సమాసం.

దీనిని రెండు విధాల విడదీయవచ్చును. ఉడుముతోలుతో చేసిన అంగుళిత్రాణమని ఒక విధం. గోధయూ అంగుళిత్రాణమూ అని రెండు వస్తువులుగా చెప్పడం మరొక విధం. నేను ఇన్నేళ్ళూ మొదటిదే చెప్పేవాడిని. ఇప్పుడు రెండవదానివైపు నా మనస్సు మొగ్గుతున్నది. అమరుడు గోధ అంటేనే జ్యాఘాతవారణమని చెప్పినాడు కదా. అది ఎడమ ముంజేతిది. అంగుళిత్రాణం కుడిచేతి వ్రేళ్ళది. ధనుర్ధరుడు పూర్తిగా సన్నద్ధుడైనాడని చెప్పదలచిన కవి రెండు చేతులనూ ఒక్క సమాసంలో చూపినాడని నా అభిప్రాయం. మొదటి విధం తప్పని నేననను.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. గోధ అనగానే ఆవుతోలని కొందరు చెప్పడం విన్నాను. గోశబ్దానికీ ఆ అర్థానికీ సంబంధం లేదు. గోధ అంటే ఉడుము. ఉడుము పిల్లకు గౌధేరమనే రూపం సాధించడానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేసినాడు. ఉడుముతోలు పొలుసులతో గట్టిగా ఉండి కూడ చుట్టితే చుట్టుకొంటుంది. భజనలలో మీరు వినే కంజీరకు మూత పూర్వం ఉడుముతోలే. ఆ తోలుకు దెబ్బ తినే గుణమే కాదు, పలికే గుణమూ ఉన్నది. భారతయుద్ధ వర్ణనలలో నారి, తలము కలిసిన ధ్వని మాటిమాటికీ వస్తుంది. నారి వచ్చి ముంజేతి తోలుమీద కొట్టినప్పుడు పుట్టే చప్పుడు అది అని ఇప్పుడు నాకు బోధపడుతున్నది. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమును చంపడం నేరం. కంజీర చేసేవారు కూడ మేకతోలుకూ, కృత్రిమ చర్మానికీ మారినారు. కాబట్టి శాస్త్రంలో ఉన్నది గదా అని ఎవరూ ఉడుముతోలు కోసం వెదకవద్దు.

అంగడికి తిరిగి వద్దాము. అంగడివాడు మూడు రకాలు చూపించినాడు. ఒకటి దళసరి, బిరుసు. ఒకటి జింకతోలట, పట్టువలె మెత్తన. మూడవది మధ్యరకం, నున్నని గట్టితోలు. మావాడు మెత్తనిదానిపై చేయి వేసినాడు. అంగడివాడు తానూ ఒకప్పుడు విల్లు పట్టినవాడేనట, వద్దన్నాడు. మరీ పలుచనైతే పది బాణాలకే నారి వ్రేలిలోకి దిగి తిమ్మిరెక్కుతుంది. తిమ్మిరెక్కిన వ్రేలికి భయం పట్టుకొంటుంది. అది నారిని విడువవలసిన క్షణంలో విడువక తడబడుతుంది. మరీ దళసరైతే నారి ఎక్కడున్నదో వ్రేలికే తెలియదు. బొటనవ్రేలితో తొడుగుమీద తడిమితే లోపలి వ్రేలికి ఆ స్పర్శ తెలియాలి, కాని గిల్లితే నొప్పి తెలియకూడదు – ఇది ఆయన చెప్పిన పరీక్ష. వ్రేలికొన తొడుగు చివరిదాకా చేరాలి. కొత్తప్పుడు కొంచెం బిగుతుగానే ఉండాలి, చెమటకు తోలు సాగుతుంది కనుక. వదులైతే నారి బరువుకు తొడుగే జారి బాణం వెంట పోతుంది. నారి ఆనేచోట, అంటే మొదటి కణుపు దగ్గర, కుట్టు ఉండకూడదు. వాడగా వాడగా అక్కడ గాడి పడుతుంది. గాడి లోతైతే నారి అందులో తట్టుకొంటుంది, అప్పుడు తొడుగు మార్చాలి.

నాకు తోలు వస్తువుల బేరం చేతకాదు. అయినా ఆయన మాటలు శ్రద్ధగా విన్నాను. రక్షణ ఎంత ఉండాలి, స్పర్శ ఎంత మిగలాలి అన్న లెక్క అది. మధ్యరకమే తీసుకొన్నాము.

తరువాత ఒక ఆంగ్లభాషా పండితునితో ఈ ముచ్చట చెప్పగా, ఆయన ఇంగ్లండు దేశంలోని పాత విలువిద్యా గ్రంథమొకటి చదివి అర్థం చెప్పినాడు. రోజర్ ఆస్కమ్ అనే పండితుడు 1545లో వ్రాసిన టాక్సోఫిలస్ అది. ఆయన తరువాతికాలంలో ఎలిజబెత్తుకు గురువైనాడు. ఆ దేశపు విల్లు నిలువెత్తు విల్లు, యూ అనే చెట్టు కొయ్యతో చేసేది. ఆస్కమ్ కూడ ముంజేతి పట్టీ గురించి, వ్రేళ్ళ తొడుగు గురించి వేరువేరుగా వ్రాసినాడు. తన బలమంతా వినియోగించి లాగినప్పుడు వ్రేళ్ళు నారిని ఓర్చుకోవడానికే తొడుగు అని ఆయన మాట. పట్టీకి రెండు ప్రయోజనాలు చెప్పినాడు: ముంజేతిని దెబ్బనుంచి కాపాడడం, నారి దానిమీద నున్నగా జారి వేగంగా పోవడం. ఆ పట్టీకి మేకులుండకూడదు, లోహపు కొక్కేలుండకూడదు, త్రాళ్ళతోనే బిగించాలి అని కూడ వ్రాసినాడు. లోహం తగిలితే నారి తెగుతుంది.

ఇది వినగానే పాయుమహర్షి చెప్పిన పాము నాకు గుర్తుకు వచ్చినది. పాముకు మేకులు లేవు, కొక్కేలు లేవు, చుట్టుకొని నిలుస్తుంది. ఋషి ఆ ఉపమానాన్ని అందం కోసం మాత్రమే వేసినాడని ఇక నేననుకోను.

ఆస్కమ్ గ్రంథం వెలువడిన ఆ 1545లోనే, జూలైలో, మేరీ రోజ్ అనే ఇంగ్లండు రాజనౌక సముద్రంలో మునిగినది. 1982లో దానిని పైకి తీసినారు. అందులో విండ్లతో పాటు విలుకాండ్ర ముంజేతి పట్టీలు కూడ దొరికినవి, ఎక్కువభాగం తోలువే. ఆ విండ్లను లాగడానికి నూరు పౌన్లకు పైబడిన బలం, అంటే 45 కిలోలకు మించినది, అవసరమని పరిశోధకుల అంచనా. మావాడి వెదురువిల్లు బలం పాతిక పౌన్లు. దానికే చేయి కమిలితే వారి సంగతి ఊహించుకోవచ్చును.

అయితే మన దేశంలో నారిని మూడు వ్రేళ్ళతోనే లాగినారా? ఈ సందేహం కూడ మావాడిదే. ఏకలవ్యుని బొటనవేలు ద్రోణుడు ఎందుకు అడిగినాడు, గ్లోవ్‌లో బొటనవేలికి తొడుగే లేదు కదా అన్నాడు. మంచి ప్రశ్న. వ్యాసులవారు అక్కడే సమాధానం చెప్పినారు. బొటనవేలు ఇచ్చిన తరువాత ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్ళతో నారిని లాగినాడు, కాని మునుపటి వేగం రాలేదు. అంటే అంతకుముందు ఆయన లాగినది బొటనవ్రేలితో అన్నమాట. వసిష్ఠ ధనుర్వేద సంహితలో పతాక, వజ్రముష్టి, సింహకర్ణ, మత్సరి, కాకతుండి అని ఐదు ముష్టులు చెప్పబడినవి. వాటిలో ప్రధానమైనది బొటనవేలికీ చూపుడువేలికీ గల పట్టే. బొటనవ్రేలి పద్ధతికి తోలుతొడుగే కాదు, ఉంగరం కూడ ఉన్నది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాను బిరుదు చెక్కిన జేడు రాతి ఉంగరమొకటి ఉన్నది. చూసినవారు అలంకారమనుకొంటారు; అది విలుకాని బొటనవ్రేలి ఉంగరం. అంగుళిశబ్దంలో బొటనవేలు కూడ ఇముడుతుంది కనుక, వాల్మీకి మాట రెండు పద్ధతులకూ సరిపోతుంది. రాముడు ఏ వ్రేలితో లాగినాడని వాదించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ స్వామి వ్రేళ్ళకు త్రాణం కట్టుకొన్నాడన్నది మహర్షి వాక్యం. మానుషదేహం ధరించి వచ్చినవాడు ఆ దేహానికి తగిలే నారిదెబ్బను కూడ అంగీకరించినాడు. దివ్యశక్తితో దానిని తప్పించుకొన్నట్లు మహర్షి వ్రాయలేదు.

ఇక మావాడి మొదటి ప్రశ్న. తలం కట్టుకొనే అర్జునునికి కాయలెందుకు?

పట్టీ దెబ్బను చర్మం చీలకుండా ఆపుతుంది, ఒత్తిడిని పూర్తిగా ఆపలేదు. బాల్యంనుంచీ రాత్రీ పగలూ సాధన చేసినవానికి, అందులో చీకటిలో కూడ గురిచూడడం నేర్చినవానికి, తోలు క్రింద కూడ చర్మం కరడు కడుతుంది. పలుగూ పారా పట్టినవారి అరచేతులు మనకు తెలిసినవే. దుష్యంతుడు కూడ తన భుజాన ఉన్న నారిమచ్చను చెప్పుకొన్నాడు. అది రాజుకు సిగ్గు కాదు. విశేషమేమంటే మామూలు విలుకానికి ఈ మచ్చ విల్లు పట్టే చేతికే ఉంటుంది. అర్జునునికి రెండు చేతులకూ ఉన్నది. ఆయన సవ్యసాచి, గాండీవాన్ని ఏ చేత్తోనైనా లాగగలడు, కాబట్టి ఏ చేయి అయినా విల్లు పట్టిన చేయి కాగలదు. విరాటుని కొలువుకు పోయేముందు ధర్మరాజుతో ఆయన చెప్పుకొన్న కష్టం కూడ ఇదే. ముఖం దాచవచ్చును, పేరు మార్చవచ్చును. రెండు ముంజేతులమీద ఉన్న ఆ గుర్తులను దాచడం కష్టం. అందుకే వలయాలు తొడిగినాడు. బృహన్నల గాజులు ఆడవేషానికని మనమనుకొంటాము. మొదటి ప్రయోజనం ఆ మచ్చలను కప్పడమే. వేషం అంతా ఆ మచ్చలచుట్టూ అల్లబడినది.

ద్రౌపదికి ఈ సంగతి తెలుసు. ఆమె చూపు ఆ వలయాలమీదనే నిలవడానికి కారణం అది.

తరువాత ఉత్తర గోగ్రహణం వచ్చినది. శమీవృక్షం క్రింద ఉత్తరకుమారుడు చెట్టెక్కి ఆయుధాలు దించినాడు. వ్యాసులవారు ఇక్కడ ఒక చిన్న పని చెప్పినారు. పురాణం చెప్పేవాళ్ళం గాండీవపు టంకారం కోసం తొందరపడి దీనిని దాటివేస్తాము, నేనూ ఇన్నేళ్ళూ దాటివేసినాను. అర్జునుడు ముందు రెండు చేతుల వలయాలనూ తీసివేసినాడు. తీసి, దుందుభివలె మ్రోగే రెండు తలములను తొడుక్కొన్నాడు. ఒకటి కాదు, రెండు. ఏడాదిగా మచ్చలను కప్పిన వలయాలు పోయి, వాటిచోట తోలు వచ్చినది. జుట్టు ముడి, గాండీవం, శంఖం అన్నీ ఆ తరువాతనే.

మావాడికి ఈ ఘట్టం చెప్తుండగా వాడు తన కొత్త పట్టీని ముంజేతికి బిగించుకొని, గ్లోవ్ తొడుక్కొని విన్నాడు. “సాయంత్రం యుద్ధం అయిపోయిన తరువాత ఏం చేసినాడు, తాతగారూ?” అన్నాడు.

మళ్ళీ ఆ చెట్టు దగ్గరకే వచ్చినాడని చెప్పినాను. ఆయుధాలు దాచి, తిరిగి జడ వేసుకొని, బృహన్నలయై ఉత్తరుని రథం పగ్గాలు పట్టుకొన్నాడు.